‘ఇదేం నవల సార్!’: పాఠకుడి ఈసడింపు, విమర్శ

ఈ ఖండంలోని ముందు పాఠాల్లో మీరు నవలా లక్షణాలను, తెలుగు నవల పుట్టుకను, కొందరు ప్రముఖ విమర్శకుల అభిప్రాయాలను చదివారు. ఈ పాఠం ప్రముఖులు కానివారి అభిప్రాయాల గురించి. అందరూ గొప్పదంటున్న నవలను పట్టుకొని, యాభై పేజీలు చదివి, విసుగెత్తి, పక్కవాడితో ఒక ఘాటైన మాట అనేసి పుస్తకం మూసేసే పాఠకుడు ప్రతి తరంలోనూ ఉంటాడు. ఆ మాట నవ్వు తెప్పిస్తుంది. చాలాసార్లు అన్యాయంగా కూడా ఉంటుంది. విమర్శ ఆ మాటను పట్టించుకోవాలా, నవ్వి ఊరుకోవాలా అన్నది ఇక్కడ మన ప్రశ్న.

మన పాత అలంకారశాస్త్రంలో ఈ పాఠకుడికి చోటు లేదు. ఆ శాస్త్రం కావ్యాన్ని ఆస్వాదించగలిగినవాడిని సహృదయుడు అంది, ఆస్వాదించలేనివాడిని అరసికుడు అని పక్కన పెట్టింది. మన ప్రబంధకవులు కావ్యం మొదట్లో కుకవినింద చేశారు. అది కవి కవిని తిట్టడం. పాఠకుడు సుకవిని తిడితే ఏమనాలో ఎవరూ పేరు పెట్టలేదు. కావ్యం నచ్చకపోతే తప్పు పాఠకుడిదే అన్న నమ్మకం అలా మనకు వారసత్వంగా వచ్చింది. మీ జవాబు పత్రాల్లో నాకు అది ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

జవాబు పత్రాలను నేను చాలా ఏళ్ళు దిద్దాను. ‘ఈ నవల సాహిత్యాకాశంలో ధ్రువతార’ అన్న వాక్యం ఎన్ని పత్రాల్లో చదివానో లెక్కలేదు. అది గైడు నుంచి వచ్చిన వాక్యం. ఏ నవలకైనా సరిపోతుంది కాబట్టి ఏ నవల గురించీ ఏమీ చెప్పదు. ఆ వాక్యం రాసిన విద్యార్థే ఆదివారం సంపర్క తరగతిలో, టీ తాగే వేళ, అదే నవల గురించి ప్రాణమున్న మాట ఒకటి అంటాడు. ఆ మాటను పరీక్షలో రాయడానికి భయపడతాడు. ఈ భయం వల్ల ఎవరికి నష్టమో చూద్దాం. నేను విన్న అలాంటి మాటలు కొన్నింటిని తీసుకొని పరిశీలిస్తాను.

కట్టె, కొట్టె, తెచ్చె

ముందుగా ఈ మాటలు ఎలా తయారవుతాయో గమనించండి. రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అన్నారని మన సామెత. ఎంత పెద్ద రచననైనా కథను మాత్రం పొడిగా చెబితే నవ్వులాటగా మారుతుంది. ఇది తెలియనివారే ఇలా చేస్తారని అనుకోకండి. సాక్షాత్తూ టాల్‌స్టాయ్ 1906లో వెలువడిన వ్యాసంలో షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకాన్ని ఇలాగే పొడిమాటల్లో తిరగచెప్పి, ఇందులో ఏముందని అడిగాడు. 1947లో జార్జ్ ఆర్వెల్ దానికి సమాధానం రాశాడు. టాల్‌స్టాయ్ కోపం అంతగా లియర్ మీదే ఎందుకు పడిందన్న ప్రశ్న వేసుకొని, లియర్ కథకూ టాల్‌స్టాయ్ సొంత జీవితానికీ ఉన్న పోలికను చూపించాడు. ఆర్వెల్ పద్ధతి మనకు పనికొస్తుంది. తిట్టు న్యాయమా కాదా అని తేల్చే ముందు, అది సరిగ్గా ఆ చోటే ఎందుకు పుట్టిందో అడగాలి.

పుస్తకం తెరవకుండానే తిట్టేవారి సంగతి వేరు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు కనీసం విన్నాడు. వీరు అదీ చేయరు. నవల పేరు, లావు, రచయిత కులం చూసి మాట అనేస్తారు. వారిని ఇక్కడితో వదిలేద్దాం.

చెంపదెబ్బ కోరే నాయకుడు

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ గురించి ఒక విద్యార్థి అన్నాడు: “సీతారామారావును ఎవరైనా మొదటి ప్రకరణంలోనే రెండు తగిలించి ఉంటే నవల రాయాల్సిన పని ఉండేది కాదు సార్.” తరగతి అంతా నవ్వింది. ఆయన ఆర్టీసీలో కండక్టరు. చిల్లర కోసం ప్రయాణికులతో రోజంతా వాదించి, ఇంటికెళ్ళి, పిల్లలు పడుకున్నాక చదువుకునే మనిషి. ఉన్న ఆస్తిని వంశప్రతిష్ఠ పేరుతో పోగొట్టుకొని, భార్యనూ బిడ్డనూ హింసిస్తూ, దొరికినవారందరితో వాదాలు పెట్టుకొనే సీతారామారావును చూస్తే ఆయనకు ఒళ్ళు మండింది. సహజమే.

అయితే ఆ కండక్టరు తనకు తెలియకుండానే గోపీచంద్‌తో ఏకీభవించాడు. నాయకుణ్ణి అసమర్థుడని ముందే తిట్టినవాడు రచయితే. అదీ అట్ట మీదే. మనకు కలిగే అసహ్యాన్ని రచయిత లెక్కవేసి కలిగించాడు. అసహ్యం కలగకపోతే మనం నవలను సరిగా చదవలేదనే అర్థం. విమర్శ ఇక్కడి నుంచి మొదలవుతుంది. అతను అసమర్థుడు ఎందుకయ్యాడు? వంశగౌరవం నిలబెట్టమని తండ్రి అప్పగించిన భారం ఎంత, అతని స్వభావం ఎంత? ఈ నవలను గోపీచంద్ తన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి, ఎందుకు అని అడగడం నేర్పినందుకు కృతజ్ఞతగా అంకితం చేశాడు. అంకితమేమో ప్రశ్నించడం నేర్పిన తండ్రికి, కథ ఏమో ఒక తండ్రి మాటను ప్రశ్నించలేక నాశనమైన కొడుకుది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ‘రెండు తగిలించాలి’ అన్న మాట అప్పుడు ‘ఎవరికి తగిలించాలి’ అనే ప్రశ్నగా మారుతుంది. ఈ మాట నేనంటే ఆ కండక్టరు ఒక్క క్షణం ఆలోచించి, “అయితే వాళ్ళ నాన్నకు ఒకటి, ఇతనికి ఒకటి” అన్నాడు. పది మార్కుల సమాధానంలో ఆరు మార్కులు అందులోనే ఉన్నాయి.

వైద్యం చేయని వైద్యుడు

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ మీద నేను విన్న మాట ఇంకా పదునైనది. ఒక నర్సు అడిగింది: “ఈ డాక్టరు గారు రోగులను ఎప్పుడు చూస్తారండీ? ఆడవాళ్ళను చూడటానికే టైము సరిపోతోంది.”

దయానిధి వైద్యుడే. రాయలసీమ వెళతాడు, అక్కడ ఆసుపత్రి కూడా కడతాడు. అయినా నవల చదివాక మన మనసులో మిగిలేది కోమలి, అమృతం, ఇందిర, వారి మధ్య తనకేం కావాలో తెలియక నలిగే ఒక మనిషి, అతని తల్లి మీద లోకం వేసిన నింద. నర్సు వృత్తిరీత్యా ఆసుపత్రిని చూసింది. అక్కడ ఆసుపత్రి పలచగా కనిపించింది. ఈ గమనింపు నూటికి నూరుపాళ్ళు సరైనది. దాన్ని లోపమనాలా అన్నది వేరే సంగతి. ఈ నవల దయానిధి మనసులో నడుస్తుంది. అతని మనసు ఎక్కడ ఆగితే కథ అక్కడ ఆగుతుంది. రోగుల దగ్గర అతని మనసు ఆగదు. తల్లి జ్ఞాపకం దగ్గర ఆగుతుంది.

నర్సు మాటలో ఇంకో పొర ఉంది. దాన్ని నేను అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆ స్త్రీలంతా మనకు దయానిధి కళ్ళలోంచే తెలుస్తారు. అతన్ని చూసి కోమలి ఏమనుకుందో, అతని భార్య ఇందిర ఆ కాపురాన్ని ఎలా భరించిందో వారి వైపు నుంచి మనకు దొరికేది తక్కువ. తల్లికి జరిగిన అన్యాయం గురించి ఇంత వేదనపడే నవల తక్కిన స్త్రీలకు మాట్లాడే అవకాశం ఎంత ఇచ్చింది? బుచ్చిబాబును అభిమానించే వాడిగా చెబుతున్నాను, ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. మానసిక విశ్లేషణ నవలగా దాని గొప్పతనాన్ని ఈ ప్రశ్న తగ్గించదు గాని, ఆ విశ్లేషణ ఎవరి మనసు దగ్గర ఆగిపోయిందో చూపిస్తుంది.

ఒక్క పడగ నీడ

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఎక్కువ తిట్లు తిన్న పుస్తకం. చాలావరకు దాని లావు వల్ల. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకొన్న ఈ నవలను పి.వి. నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. రచయిత దీన్ని ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారని ప్రసిద్ధి. అది పాఠంగా చెబుతుంటే వెనక బల్ల నుంచి ఒకరు, “చెప్పడానికి ఇరవై తొమ్మిది రోజులు, చదవడానికి మాకు రెండు సెమిస్టర్లు” అన్నారు. నవ్వాం. ఆ మాటలో నవ్వు తప్ప విమర్శ పెద్దగా లేదు. అయినా ధర్మారావు చర్చలు మొదలుపెట్టినప్పుడల్లా కథ ఆగిపోతుందన్న ఫిర్యాదు మాత్రం నిజం. నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ అలాంటి చోట్ల అలసిపోయాను. గొప్ప నవలలో అలసట కలిగించే భాగాలు ఉంటాయని ఒప్పుకోవడంలో తప్పులేదు.

ఆ రోజే మరొక విద్యార్థిని, అంగన్‌వాడీలో పనిచేసే అమ్మాయి, నెమ్మదిగా అంది: “వెయ్యి పడగలున్నాయి గదా సార్. మా వాడ మీద ఒక్క పడగ నీడైనా పడిందా అని వెతుకుతున్నా.”

ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం కొంచెం నవ్వింది.

ఈ ఒక్క మాట ఆ నవలలోని ప్రధాన ప్రతీకను సరిగ్గా పట్టుకొంది. సుబ్బన్నపేటను కాపాడే సర్పానికి ఉన్న పడగలు సంప్రదాయ సమాజాన్ని నిలబెట్టిన ధర్మాలు. అవి ఒక్కొక్కటే నశించిపోతున్నాయన్నదే విశ్వనాథ దుఃఖం. చివరికి దాంపత్యధర్మమనే పడగ మిగులుతుంది. ఆ దుఃఖంలో నిజాయితీ ఉంది, మహాకవి చెప్పే దుఃఖానికుండే బలం ఉంది. ఆ అమ్మాయి అడిగింది మరొకటి. ఆ పడగ ఎవరికి నీడ పట్టింది, ఎవరి మీద బుస కొట్టింది? నవలలో కింది కులాల మనుషులు లేరని కాదు. గణాచారి వంటి మరిచిపోలేని పాత్రలూ ఉన్నాయి. అయితే ఆ వ్యవస్థ పోవడం నష్టమని తీర్మానించే చూపు మాత్రం దాని నీడలో సుఖంగా ఉన్నవారిది. గైడులో ఈ నవలకు ‘ప్రతీకాత్మకత’ అనే శీర్షిక కింద ఒక పేరా ఉంటుంది. దానికంటే ఆమె మాటలో ప్రతీక గురించిన అవగాహన ఎక్కువ ఉంది. ఆమె ఆ మాటను పరీక్షలో రాయలేదు. ధ్రువతార గురించే రాసింది. మార్కులు వచ్చాయి.

ఏమీ జరగని నవల

నవీన్ ‘అంపశయ్య’ గురించి ఎక్కువ చెప్పను. 1969లో వచ్చిన ఈ నవలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు జీవితం ఉంది. ‘పొద్దున లేచాడు, రాత్రి పడుకున్నాడు, మధ్యలో ఏమీ జరగలేదు’ అని దీన్ని ఎగతాళి చేస్తారు. కథ విషయంలో ఆ ఎగతాళి తప్పు కాదు. చైతన్యస్రవంతి నవలలో జరిగేదంతా తలలో జరుగుతుంది. ఈ సంగతి మీకు శిల్పం పాఠంలో వివరంగా ఉంది. డబ్బుల్లేని విద్యార్థికి ఒక రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో తెలిసిన వారికి ఆ విసుగు వేరే రకంగా వినిపిస్తుంది.

చలం ‘మైదానం’ మీద వచ్చే తిట్లు ఎక్కువగా నీతికి సంబంధించినవి. వాటికి వేరే పాఠం కావాలి. “రాజేశ్వరి, అమీర్ అక్కడ ఏం తిని బతికారు సార్?” అని ఒక కిరాణా వ్యాపారి అడిగిన ప్రశ్న మాత్రం నాకు నీతి ప్రశ్నలన్నిటికంటే బాగా నచ్చింది. స్వేచ్ఛకు పూటపూటా ఎంత ఖర్చవుతుందన్న లెక్క ఆయనకు తెలుసు. చలం ఆ లెక్క మీద దృష్టి పెట్టలేదు.

మీరు చేయాల్సిన పని

రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ మీ పాఠ్యప్రణాళికలో ఉంది. పిరికి గుమాస్తా సుబ్బయ్య మీకు చిరాకు తెప్పిస్తాడు. ఆ చిరాకు మొదటిసారి ఏ పేజీలో వచ్చిందో గుర్తు పెట్టండి. మీ నోటికి వచ్చిన మాటను వచ్చినట్టే, ఒక్క వాక్యంలో రాసుకోండి. తర్వాత వెనక్కి వెళ్ళి, ఆ పేజీకి ముందున్న పది పేజీలను మళ్ళీ చదవండి. ఆ చిరాకును రచయిత కావాలని కలిగించాడా, చేతకాక కలిగించాడా, లేక అది మీ ఉద్యోగంలో మీ పై అధికారి ముందు నిలబడ్డప్పుడు మీకు మీ మీదే కలిగే చిరాకా అన్నది రెండు పేజీల్లో రాసి, మొదటి వాక్యంతో సహా అసైన్‌మెంటుగా అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. మొదటి వాక్యాన్ని సరిదిద్దకండి.