మీటరు చెప్పినదంతయు కంప్యూటరు విన్నదా?

పాఠశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థి బ్యాటరీ వోల్టేజిని కొలిచి తన నోటుపుస్తకములో "9" అని వ్రాసినాడనుకొందము. ఉపాధ్యాయుడు వెంటనే రెండు ప్రశ్నలు వేయును. తొమ్మిది ఏమిటి, వోల్టులా, మిల్లీవోల్టులా? మీటరు 9 అని చూపినదా, 9.00 అని చూపినదా? చివరి సున్నలు ఊరక వ్రాసినవి కావని, అవి కొలత ఎంత నమ్మదగినదో తెలుపునని మనము పిల్లలకు ఏటేటా చెప్పుచునే ఉన్నాము. ఇప్పుడు ఆ విద్యార్థి స్థానములో కంప్యూటరు కూర్చున్నది. మీటరును తీగెతో దానికి కలిపి గంటల తరబడి రీడింగులు వ్రాయించుకొనుచున్నాము. ఆ ప్రశ్నలు దానిని మాత్రము అడుగవలదా?

ఈ దృష్టితో సిగ్రాక్ అను ప్రోగ్రామును పరిశీలింతము. 2010లో ఆరంభమైన ఈ కృషి స్వచ్ఛందముగా పనిచేయువారిది. దీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, అదే షరతుతో ఇతరులకు పంచవచ్చును. మొదట దీని లక్ష్యము లాజిక్ ఎనలైజరులు, అనగా తీగెలలో 0, 1 ల రాకపోకలను పట్టుకొను పరికరములు. మల్టీమీటర్లు తరువాత వచ్చి చేరిన చుట్టములు. ఈ పుట్టుక సంగతి గుర్తుంచుకొనవలెను. దీని లోపములలో ముఖ్యమైనదానికి మూలము అక్కడనే ఉన్నది.

దీని ఏర్పాటు సులభమైనది. లిబ్‌సిగ్రాక్ అను ఉమ్మడి భాగము మధ్యనుండును. ఒక్కొక్క జాతి పరికరమునకు ఒక్కొక్క డ్రైవరు దానికి తగిలింపబడును. మనము చూచు తెరలు వేరు: ఆజ్ఞలు టైపు చేయువారికి సిగ్రాక్-సీఎల్‌ఐ, గీతలు చూడగోరువారికి పల్స్‌వ్యూ, మీటర్లు, పవర్ సప్లైలు వాడువారికి స్మూవ్యూ.

చేతిలో పట్టుకొను చౌక మీటర్లు మాటలాడు తీరు వింతగా ఉండును. ఎఫ్‌ఎస్ 9721 అను చిప్పుగల మీటరు సంఖ్యను పంపనే పంపదు. తన ముఖఫలకముపై ఏ గీతలు వెలుగుచున్నవో ఆ చిత్రమును 14 బైట్లలో పంపును. ప్రతి బైటులో మొదటి సగము వరుస సంఖ్య, రెండవ సగము వెలుగుచున్న గీతలు. డ్రైవరు ఆ గీతలను కూర్చి "ఇది ఎనిమిది, ఇది మూడు" అని పోల్చుకొనవలెను. గోడ మీది నీడను చూచి మనిషిని గుర్తుపట్టుట వంటి పని ఇది. అయినను ఇందులో ఒక సుగుణమున్నది: ముఖఫలకముపై ఉన్నదంతయు వచ్చును గనుక దశాంశ బిందువు, యూనిటు, ఏకముఖమా ఏకాంతరమా అను గుర్తు కూడ తప్పక వచ్చును.

బల్లపై నిలిపి వాడు పెద్ద మల్టీమీటరు అట్లు కాదు. అడిగినచో సంఖ్యను చక్కగా అక్షరములలో పంపును. అందుచేత దీనికి డ్రైవరు వ్రాయుట తేలికయని అనిపించును. మొదటి రీడింగు రప్పించుట తేలికయే. కష్టము ఆ తరువాత మొదలగును, ఎందుకనగా ఈ మీటరు అడిగినదానికే సమాధానము చెప్పును.

హ్యూలెట్-ప్యాకార్డ్ వారి 3478ఏ మీటరును చూడుడు. ఇది 1980ల నాటిది. దీని భాష పొడి అక్షరములు: "ఎఫ్1" అన్న ఏకముఖ వోల్టేజి, "ఎఫ్4" అన్న నాలుగు తీగెలతో నిరోధము, "ఎన్5" అన్న ఐదున్నర అంకెలు. 30 వోల్టుల రేంజిలో ఇది దశాంశము తరువాత నాలుగు అంకెలు చూపగలదు. 300 వోల్టుల రేంజిలో మూడే. కొలత నడుచుచుండగా మీటరు తనంతట తాను రేంజి మార్చుకొనవచ్చును. కనుక ఏ రేంజిలో నున్నదో తెలియక ఎన్ని అంకెలు నమ్మవలెనో తెలియదు. సిగ్రాక్ డ్రైవరు ఈ చిక్కును గుర్తించినది. కొలత సాగుచుండగా మీటరు స్థితిని తెలుపు బైట్లను మరల మరల తెప్పించుకొని, అప్పటి రేంజిని బట్టి అంకెల లెక్కను నిర్ణయించును. వట్టి సంఖ్యతో తృప్తిపడు ప్రోగ్రాములు ఎన్నో ఉన్నవి. ఇది వాటిలో చేరదు. లిబ్‌సిగ్రాక్‌లో ప్రతి కొలత వెంట ఏ రాశి, ఏ యూనిటు, ఏకముఖమా ఏకాంతరమా, నాలుగు తీగెలా, ఎన్ని సార్థకాంకములు అను వివరములకు చోటున్నది. ఉపాధ్యాయుని రెండు ప్రశ్నలకును అది సమాధానము సిద్ధము చేసికొన్నది.

1990లో స్కిపీ అను ఉమ్మడి ఆజ్ఞాభాష వచ్చినది. "నీవెవరవు?" అని అడిగిన మీటరు తయారీదారు, నమూనా, క్రమసంఖ్య, లోపలి ప్రోగ్రాము కూర్పు చెప్పును. దీనివలన సిగ్రాక్‌లో ఒకే స్కిపీ డ్రైవరు అనేక మీటర్లకు చాలుచున్నది. అదృష్టము బాగున్నచో కొత్త మీటరును చేర్చుట పట్టికలో కొన్ని పంక్తులు చేర్చుటయే. అయితే ఉమ్మడి భాష అన్నంతమాత్రమున అందరి యాస ఒకటి కాదు. ఒక తయారీదారు మీటరు ఒప్పుకొన్న ఆజ్ఞకు మరొకరి మీటరు మౌనము వహించును.

ఈ భాషలో ఒక ఉచ్చు కూడ ఉన్నది. కొలత మీటరు శక్తిని మించినచో అది "మించినది" అని చెప్పదు, 9.9ని 10 యొక్క 37వ ఘాతముతో గుణించిన సంఖ్యను పంపును. ఇది అనంతమునకు గుర్తు. 32 బిట్ల దశాంశసంఖ్యలో ఇది నిక్షేపముగా ఇముడును గనుక కంప్యూటరు ఏమియు గొణగదు. గీత గీయించినచో ఆ ఒక్క బిందువు ఆకాశమునకెగసి తక్కిన రీడింగులన్నియు నేలబారు గీతయై కూర్చుండును. స్కిపీ డ్రైవరు దీనిని పట్టుకొని అనంతముగా మార్చుచున్నది. చిన్న పనియే గాని, మీటరును ఎదుట పెట్టుకొని వ్రాసినవారికే తోచు పని.

ఆ 32 బిట్ల సంగతి ఇంకొకటి చెప్పవలెను. అందులో అంకెలకు దక్కునవి 24 బిట్లు, అనగా సుమారు 1,67,77,000 మెట్లు. ఆరున్నర అంకెల మీటరుకు 12 లక్షల మెట్లు చాలును. ఎనిమిదిన్నర అంకెల మీటరుకు 12 కోట్లు కావలెను. చివరి అంకెలు చెరిగిపోవును. సిగ్రాక్ తొలినాళ్ళలో ఈ ఇరుకు ఉండెడిది. తరువాత వెడల్పైన సంఖ్యలకును చోటు కల్పించినారు.

ఇక పెద్ద లోపము: కాలము. లాజిక్ ఎనలైజరు సమాన వ్యవధులలో నమూనాలు తీయును. ఆరంభకాలము, వేగము తెలిసిన చాలును, ఒక్కొక్కదానికి గడియారము చూడనక్కరలేదు. ఆ అలవాటే మీటర్లకును అంటినది. లిబ్‌సిగ్రాక్ పంపు కొలత వెంట యూనిటు ఉన్నది, అంకెల లెక్క ఉన్నది, అది ఎప్పుడు తీసినదో లేదు. మీటరు రీడింగులు సమాన వ్యవధులలో రావు. స్మూవ్యూ రీడింగు తనకు చేరిన క్షణమును గుర్తించి కొంత ఆదుకొనుచున్నది. కాని చేరిన క్షణము, కొలిచిన క్షణము ఒకటి కావు.

ఒక ఉదాహరణ. 100 మైక్రోఫారడ్ల కెపాసిటరును 100 కిలోఓముల నిరోధము ద్వారా ఖాళీ చేయింతము. కాలస్థిరాంకము 10 సెకనులు. (మీటరు లోపలి నిరోధము సాధారణముగా 10 మెగోములు; అదియు ప్రక్కన చేరి ఒక శాతము తగ్గించును. ఈ సంగతి ఏ ప్రోగ్రామును చెప్పదు.) విద్యుత్ సరఫరా రొద తొలగించుటకు మీటరు 100 ఆవృత్తుల సగటు తీయునట్లు పెట్టినామనుకొనుడు. మన 50 ఆవృత్తుల సరఫరాలో అది 2 సెకనులు. వచ్చిన సంఖ్య సుమారుగా ఒక సెకను క్రితపు వోల్టేజి. ఆ సెకనులో వోల్టేజి దాదాపు 9.5 శాతము పడిపోయినది! ఆలస్యము ప్రతిసారి ఒకటే అయినచో సంవర్గమానపు గీత ప్రక్కకు జరుగును గాని దాని వాలు మారదు, కాలస్థిరాంకము సరిగానే వచ్చును. చిక్కు అంతయు ఆలస్యము మారినప్పుడే. వోల్టేజి తగ్గుచు రేంజి మారిన చోట రీడింగుల నడుమ ఎడము పెరుగును. పల్స్‌వ్యూలో సమాన వ్యవధులని ఎంచి చూచినచో అక్కడ గీత విరిగినట్లు కనబడి, విద్యార్థి కెపాసిటరును అనుమానించును.

సగటు తీయు ఆవృత్తుల సంఖ్యను పేర్కొనుటకు లిబ్‌సిగ్రాక్‌లో వీలున్నది. 3457ఏ మీటరు డ్రైవరు దానిని వాడుకొన్నది. తక్కిన డ్రైవర్లన్నియు వాడుకొనలేదు. పైగా 0.5.2 సంఖ్యగల లిబ్‌సిగ్రాక్ 2019 డిసెంబరులో వెలువడిన తరువాత ఏండ్ల తరబడి కొత్త మార్పులు మూలపాఠములోనే చేరుచు వచ్చినవి గాని సిద్ధపు కూర్పుగా రాలేదు. స్వయముగా మూలపాఠము నుండి కూర్చుకొనుట తెలియని ఉపాధ్యాయునికి, తన మీటరు పేరు జాబితాలో ఉండియు ప్రోగ్రాము దానిని గుర్తింపకుండుట సంభవమే.

ఈ కెపాసిటరు ప్రయోగము చేయదలచినవారు మీటరును ఒకే రేంజిలో బిగించి, సగటును ఒక్క ఆవృత్తికి, అనగా 20 మిల్లీసెకనులకు తగ్గించి, స్మూవ్యూతో రీడింగులు తీయుడు. చివరి అంకెలు కొంచెము కదలాడును. ఈ గీతకు అది అడ్డు కాదు.