24 కిలోమీటర్ల లెక్క

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003లో తెచ్చిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష ఓడల ఆటలో సగం యుద్ధం ఓడకు సరంజామా బిగించేటప్పుడే తేలిపోతుంది.

ఎదుటి ఓడ వార్ప్‌లోకి, అంటే దూరాలను క్షణాల్లో దాటే పరుగులోకి, జారుకోకుండా ఆపే రెండో తరం డిస్రప్టర్ 24 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. అదే పని చేసే స్క్రాంబ్లర్‌ది 9 కిలోమీటర్లే. కానీ అది తగిలిందా, ఓడ వేగం పెంచే మైక్రోవార్ప్ డ్రైవ్ కూడా చచ్చుబడుతుంది! అందుకే వేగాన్ని నమ్ముకున్నవాడు ఆ రెండు దూరాల నడుమ తిరుగుతూ కొడతాడు. తుపాకీ అంతదూరం అందకపోతే ఆ పరుగంతా దండగే.

కవచం పలకలు వేస్తే ఓడ బరువెక్కుతుంది. నానోఫైబర్ వేస్తే చురుకెక్కుతుంది, ఒళ్లు పలచబడుతుంది.

ఈ బేరం కుదిర్చేవాళ్ల ఓపికను మెచ్చుకోవాల్సిందే. అన్నీ కుదిరాక ఓడ ఇచ్చే శక్తి (పవర్‌గ్రిడ్) చాలక, ముచ్చటపడి ఎంచుకున్న తుపాకీ తీసేసి చిన్నది పెట్టుకోవడం వాళ్లకు మామూలే.