పాస్ ఇచ్చినవాడి పేరు

ఫుట్‌బాల్‌లో గోలు కంటే పాస్ మీదే నాకు మోజు. కుర్రతనంలో ఆడినప్పుడు గోలు కొట్టడం పెద్దగా చేతకాకపోవడం కూడా ఒక కారణం కావచ్చు, అది వేరే సంగతి. అందుకే స్కాట్లాండ్ క్లబ్ మదర్‌వెల్ గురించి రాసేవాళ్లు 1931-32 సీజన్‌కు రాగానే విల్లీ మెక్‌ఫేడియన్ దగ్గరే ఆగిపోతుంటే నాకు మనసొప్పదు.

నిజమే, ఆ సెంటర్ ఫార్వర్డ్ 34 లీగ్ మ్యాచుల్లో 52 గోల్స్ కొట్టాడు. స్కాట్లాండ్ అగ్రశ్రేణి లీగ్‌లో ఇప్పటికీ అదే రికార్డు. నాలుగేళ్ల తర్వాత సెల్టిక్ దిగ్గజం జిమ్మీ మెక్‌గ్రోరీ అంతటివాడు కూడా 50 దగ్గర ఆగిపోయాడు. కానీ ఆ ఏడాది జట్టు మొత్తం కొట్టినవి 119. మిగతా 67 మాటేమిటి? అసలు ఆ 52కు బంతి ఎక్కడి నుంచి వచ్చింది?

చాలామటుకు ఎడమవైపు నుంచి. ఇన్‌సైడ్ లెఫ్ట్ జార్జ్ స్టీవెన్‌సన్, అవుట్‌సైడ్ లెఫ్ట్ బాబీ ఫెర్రియర్. ఒకే రోట్లో ఇద్దరు దంచుతున్నా రోకళ్లు తగులుకోవు చూడండి, ఆ లయ వీళ్లది. ఒకడు బంతిని కాలి దగ్గర పెట్టుకుని డిఫెండర్‌ను తన మీదికి రానిస్తాడు, రెండోవాడు ఈలోగా ఖాళీలోకి జారుకుంటాడు. పాస్ నేలబారుగా, పొట్టిగా వెళ్తుంది. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన సడలించాక ఫార్వర్డ్‌కూ గోలుకూ మధ్య ముగ్గురికి బదులు ఇద్దరు ప్రత్యర్థులుంటే చాలు. అలా దొరికిన జాగా అన్ని జట్లకూ దొరికింది. దాన్ని వాడుకునే ఓపికే అందరికీ లేదు.

ఓపికంటే మేనేజర్ జాన్ హంటర్‌ది. 1911 నుంచీ ఆయనే. 1927 నుంచి వరుసగా ఐదు సీజన్లు జట్టు రెండో స్థానమో మూడో స్థానమో, ఆ ఐదు టైటిళ్లూ రేంజర్స్‌వే. 1931 స్కాటిష్ కప్ ఫైనల్లో సెల్టిక్ మీద 2-0తో ముందుండి, చివరి నిమిషంలో సొంత గోలు వేసుకుని 2-2 చేసుకున్నారు. రీప్లేలో 4-2తో ఓడారు. ఇంకో క్లబ్బయితే సగం జట్టును మార్చేసేది. హంటర్ ఆటా మార్చలేదు, ఆ ఎడమవైపు జోడీనీ విడదీయలేదు.

మరుసటి సీజన్లో 38 మ్యాచులకు రెండే ఓటములు, 66 పాయింట్లు. రేంజర్స్‌కు 61. మాంద్యంలో నలిగిపోతున్న ఉక్కు ఊరికి లీగ్ టైటిల్ వచ్చింది. రెండు యుద్ధాల నడుమ జరిగిన ఇరవై లీగ్ సీజన్లలో రేంజర్స్, సెల్టిక్ కాకుండా ఇంకొకరు గెలిచింది ఆ ఒక్కసారే.

స్టీవెన్‌సన్ స్కాట్లాండ్‌కు 12 మ్యాచులు ఆడాడు. ఫెర్రియర్ తండ్రి స్కాట్లాండ్ వాడే అయినా, కొడుకు పుట్టింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో. ఆనాటి నిబంధన పుట్టిన ఊరినే చూసేది. దాంతో ఆ తరంలో స్కాట్లాండ్‌లోకెల్లా గొప్ప అవుట్‌సైడ్ లెఫ్టుల్లో ఒకడని నేను నమ్మే ఆటగాడు జాతీయ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.