అతుకు పనికిరాని చోటు

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు బాటకు ఇరువైపుల నల్లరేగడి చేలలో పత్తి విచ్చి తెల్లబడియున్న దినములలో, ఒకనాటి ఉదయమున గొర్రెలమంద యొకటి రోడ్డునకు అడ్డముగా దిగుచుండగా, నేను మా పాత జీపు బ్రేకును తొక్కితిని. పాదము కింద నిత్యమును తగులు గట్టిదనము తగులలేదు. పెడల్ మెత్తగా నేల దాక దిగిపోయినది. గేరు తగ్గించి చేతిబ్రేకును బలముగా లాగగా, మందకు పది బారల దూరమున బండి నిలిచినది. కాపరి ఏమియు అనలేదు. వెనుకబడిన గొర్రెపిల్లను చంకనెత్తుకొని దాటిపోయెను. ఆ పిల్ల వ్రేలాడు చెవులు ఇప్పటికిని నా కన్నులకు గట్టినట్లున్నవి.

చేతిబ్రేకు ఎట్లు కాపాడినదో చెప్పవలెను. 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ, విల్లీస్ నమూనా ననుసరించి మన దేశమున నిర్మించిన ఆ పాత జీపులలో, చేతిబ్రేకు చక్రములను పట్టదు. నాలుగు చక్రములకు శక్తిని పంచు గేరుపెట్టె వెనుక, తిరుగు ఇరుసు మీదనున్న చిన్న డ్రమ్మును తీగతో లాగి పట్టును. దానికి ద్రవముతో పనిలేదు. కాలిబ్రేకు సంగతి వేరు. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొత్తిన ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగా ప్రసరించునని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు పాస్కల్ చెప్పిన సూత్రమే దానికి ప్రాణము. పాదము నొక్కిన బలము మాస్టర్ సిలిండర్ నుండి పెన్సిలు కంటెను సన్నని ఉక్కు గొట్టముల వెంట నాలుగు చక్రములకును చేరును. తరువాతి కాలపు బండ్లలో ముందు చక్రములకు ఒక మార్గము, వెనుకవానికి ఒక మార్గము వేరుగా నుండును గాని, మా బండిలో ఉన్నది ఒక్కటే మార్గము. ఎచ్చట సూదిమొనంత రంధ్రము పడినను నాలుగు చక్రములును ఒక్కసారిగా చేయి విడుచును.

ఆదోనిలో నేనెరిగిన మేస్త్రి బండి కింద పడుకొని, వెనుక ఇరుసు మీద గొట్టమును బిగించిన పట్టీని విప్పి చూపెను. పట్టీ చాటున ఎన్నేండ్ల రేగడి మట్టియో గట్టిపడియున్నది. వానలలో తాగిన తేమను ఆ మట్టి వేసవి దాక విడువదు. దానిని గోటితో గీకగా, దాని కింద ఉక్కు పొరలు పొరలుగా రాలినది. ఇంతకంటె నన్ను కలతపెట్టినది మరియొకటి. మా చేతికి రాకముందు ఎవరో, ఎచ్చటనో, కారుచున్న ఒక చక్రపు గొట్టమును కట్టింగు ప్లేయరుతో నలిపి, మడిచి, మూసివేసియుండిరి. అనగా ఇన్నాళ్ళును మా పిల్లలను కూర్చుండబెట్టుకొని నేను మూడు చక్రముల బ్రేకుతో తిరిగితిని. దారిలో చిక్కినవాడు ఇల్లు చేరుటకై ఆ పని చేసిన అర్థము చేసికొందును. దానినే మరమ్మతు అని అప్పగించుట మహాపరాధము.

"ఈ ఒక్క పైపు మారిస్తే చాలదా?" అంటిని.

"అన్నీ ఒకే నాటివి కదా సార్. ఇయ్యాల ఇది పోయింది, రేపు అది" అనెను మేస్త్రి. అన్నియు మార్చుటకే నిశ్చయించితిమి. ముందు చక్రములకు రెండు, వెనుక ఇరుసునకు ఒకటిగా నున్న రబ్బరు హోసులతో సహా.

ఎమ్మిగనూరులో, మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘపు పేరు వినుచు పెరిగినవాడను గనుక, తెగిన పోగును నేతగాడు రెండు వ్రేళ్ళ నడుమ నలిపి అతుకుటను బాల్యము నుండియు చూచితిని. ఆ అతుకు బట్టలో కలిసిపోవును. బ్రేకు గొట్టమునకు అట్టి అతుకు లేదు. చివికినచోట కోసి పైన రబ్బరు ముక్క తొడుగుటయు, వంచుట సులభమని రాగి గొట్టము వేయుటయు ప్రాణాంతకములు. రాగి అదురునకు నానాటికి పెళుసెక్కి, ఒకనాడు చెప్పక పగులును.

కొత్త ఉక్కు గొట్టమును కోసి, అంచును ఆకురాయితో నునుపుచేసి, మరచిపోకుండ ముందే నట్టును ఎక్కించి, మేస్త్రి దాని కొనను బిగింపులో పట్టెను. మొదటి ఒత్తునకు ఆ కొన చిన్న బుడగవలె ఉబ్బినది. రెండవ ఒత్తునకు ఆ ఉబ్బు తనలోనికి తాను మడతపడి, రెండు పొరల పెదవియైనది. ఆ పెదవిని వెలుతురునకు ఎత్తి, చుట్టును త్రిప్పి చూచి, ఒకచోట వెంట్రుకవాసి చీలిక కనబడగా, మాటాడక కోసి పారవైచి మరల మొదలిడెను. అడిగినవారు లేరు, అయినను కోసెను. అతని యందు నా గౌరవము ఆ క్షణముననే స్థిరపడినది.

బ్రేకు ఆయిల్ గూర్చి ఒక మాట. అది గాలిలోని తేమను పీల్చు గుణము కలది. డాట్-3 రకపు కొత్త ఆయిల్ 205 డిగ్రీల వేడికి గాని మరుగదు. నూటికి నాలుగు పాళ్ళైన నిండని నీరు చేరినంతనే 140 డిగ్రీలకే మరుగును. మరిగిన ఆవిరి పాదము కింద స్పంజివలె నలుగునే గాని బలమును మోయదు. కావున మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాను నమ్మరాదు. ఇంజను ఆయిల్ పోసినచో రబ్బరు వాషర్లు ఉబ్బి చెడును.

చివరకు గాలి తీయుట. అన్నిటికంటె దూరమైన వెనుక ఎడమ చక్రముతో ఆరంభించి, నేను పైన కూర్చుండగా అతడు కింద నుండి పలికెను: "తొక్కండి సార్... పట్టుకోండి... ఇడ్సండి." సీసాలోనికి దిగిన గొట్టపు కొన నుండి బుడగలు గుంపులుగా, పిదప ఒకటొకటిగా వెడలి, కడకు ఆగిపోయినవి. నాలుగు చక్రములకును ఇదే క్రమము జరుగునప్పటికి మధ్యాహ్నము దాటినది. నా కాలు బరువెక్కినది. పాదము కింద ఆ గట్టిదనము మరల వచ్చినది.

"ఇంకా ఇడ్సొద్దు సార్" అనెను. అతడు జేబులో నుండి ఆదోని పత్తి పిడికెడు తీసి, ఒక్కొక్క నట్టు వద్ద దూదిని అదిమి, వెలుతురునకు పట్టి చూచుచు, బండి చుట్టును మెల్లగా తిరిగివచ్చెను. దూది ఎచ్చటను తడియలేదు.