శాకుంతలంలో మరపు, నిరూపణ భారం

దుష్యంతుని శీలాన్ని కాపాడటానికే కాళిదాసు దుర్వాసుని శాపాన్ని కల్పించాడన్న అభిప్రాయం సాహిత్య విమర్శలో చాలాకాలంగా ఉంది. మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. అక్కడి రాజుకు అన్నీ గుర్తున్నాయి. లోకాపవాదానికి వెరచి, ఎరుగనని బొంకుతాడు. 11వ శతాబ్దిలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోనూ కథ ఈ తీరుననే నడుస్తుంది. ఆ బొంకును కాళిదాసు మరపుగా మార్చాడు. అందువల్ల రాజుకు అసత్యదోషం తప్పిన మాట నిజమే. కాని అభిజ్ఞాన శాకుంతలాన్ని నిదానంగా చదివిన వారికి, ఆ మరపు రాజును పూర్తిగా నిర్దోషిని చేయలేదని బోధపడుతుంది.

శకుంతల సభకు రాకముందే, ఐదవ అంకం ఆరంభంలో, అంతఃపురం నుండి హంసపదిక పాట వినిపిస్తుంది. ఆమె ఒకప్పుడు రాజు ప్రేమకు పాత్రురాలు. ఇప్పుడు ఏ శాపమూ లేకుండానే విస్మృతురాలు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన శాకుంతల విమర్శలో ఈ పాట ప్రాధాన్యాన్ని గుర్తించాడు. మరచిపోవడం ఆ అంతఃపురానికి కొత్త కాదు.

ఆ పాట విన్న రాజు మనస్సు కారణం తెలియకుండానే కలత చెందుతుంది. ఎవరిని ఎడబాసి ఈ వేదన పడుతున్నాడో అతనికే తెలియదు. పూర్వజన్మ బంధాలేవో లోలోపల మెదలుతున్నాయని సరిపెట్టుకుంటాడు. జ్ఞప్తి పోయినా అనుభూతి మిగిలి ఉండగలదన్న ఈ సూక్ష్మాన్ని ఆధునిక శాస్త్రం తనదైన మార్గంలో కనుగొన్నది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త క్లాపరేడ్ 1911లో ఒక రోగిని గురించి రాశాడు. చేతిలో దాచిన గుండుసూదితో అతడు ఆమెను గుచ్చాడు. ఆ సంఘటన ఆమెకు గుర్తులేదు. అయినా తరువాత అతనికి చేయి అందించడానికి వెనుదీసింది. 1953లో మెదడు శస్త్రచికిత్స వల్ల కొత్త జ్ఞాపకాలు నిలుపుకొనే శక్తిని కోల్పోయిన అమెరికా పౌరుడు హెన్రీ మొలైసన్, అద్దంలో చూస్తూ బొమ్మ గీయడాన్ని అభ్యాసంతో నేర్చుకున్నాడు. అభ్యసించిన సంగతి మాత్రం అతనికి గుర్తుండేది కాదు. నాటకం వైద్యనివేదిక కాదు. ఒక్క వ్యక్తినే, ఒక్క అనుబంధాన్నే తుడిచివేసే శాపం కవికల్పన. కాని మరపు అంటే శూన్యం కాదన్న ఎరుక కాళిదాసులో ఉంది.

సభలో జరిగినది ఈ దృష్టితో పరిశీలింపదగినది. మరచినవాడే న్యాయమూర్తి స్థానంలో ఉన్నాడు. నిరూపణ భారమంతా మరవబడిన స్త్రీపై పడింది. గాంధర్వ వివాహానికి సాక్షులు లేరు. శాపం సంగతి తెలిసిన చెలికత్తెలు ఆశ్రమంలో ఉండిపోయారు. ఉంగరం శచీతీర్థంలో జారిపోయింది. రాజు చేతి నీటిని ముట్టని లేడిపిల్ల తన చేతి నీటిని తాగిందని శకుంతల ఒక జ్ఞాపకాన్ని విప్పి చెబుతుంది. రాజు దానిని స్త్రీల సహజ చాతుర్యంగా కొట్టిపారేస్తాడు. అయితే పొరపాటు తనదే కావచ్చునన్న సందేహం అతనికి కలుగకపోలేదు. ప్రసవం వరకు ఆమెను తన ఇంట ఉంచుతానన్న పురోహితుని సలహాను అంగీకరిస్తాడు. ఆ సందేహం ముందే పలికి ఉంటే, నిండుసభలో ఆమెకు అంతటి అవమానం జరిగేది కాదు. మరచినందుకు శాపం కారణం. పరుషంగా మాట్లాడినందుకు శాపం కారణం కాదు.

ఆరవ అంకంలో ఉంగరం దొరికిన జాలరికీ ఇదే గతి. అతడు నిజమే చెబుతాడు. అయినా భటులు దొంగగా కట్టి తెస్తారు. ఉంగరాన్ని రాజు చూసిన తరువాతనే అతని మాటకు విలువ వస్తుంది. రాజ్యం మనిషి మాటను కాదు, ముద్రను నమ్ముతుంది. ముద్రలు, దస్తావేజులు లేనిదే పరిపాలన సాగదు. అవి పోగొట్టుకున్నవారంతా అసత్యవాదులని భావించడం మాత్రం న్యాయం కాదు.

ఏడవ అంకంలో మారీచుడు శాపవృత్తాంతం వెల్లడించక ముందే, దుష్యంతుడు ఆ ఉంగరాన్ని తిరిగి శకుంతల వేలికి తొడగబోతాడు. దానిపై తనకు నమ్మకం లేదని, ఆయనే ధరించాలని ఆమె అంటుంది. ఈ చిన్న సమాధానంలో నాటకపు తీర్పు ఉంది. గుర్తు అవసరమైనది ఆమెకు కాదు. ఆమె ఏనాడూ మరువలేదు. మరచినవాడే దానిని మోయాలి.