మన పెరటి పిట్టలు మన కవితల్లోకి రావా?

ఈ సంచిక కోసం పిల్లలు, యువకులు పంపిన వసంతం కవితలను మేము వరుసగా చదివాం. చాలావాటిలో కోయిల ఉంది. మామిడి చిగురు తిని గొంతు సవరించుకుంది. మల్లెలు గుబాళించాయి. కింద ఊరి పేరు చూస్తే ఏజెన్సీ! కవితలో మాత్రం ఆ ఊరు లేదు.

కోయిల మన ఊళ్లలో లేదని కాదు. దాన్ని చూసి రాసినవాళ్లు తక్కువ, చదివి రాసినవాళ్లు ఎక్కువ. కూ కూ అని కూసేది నల్లటి మగపిట్ట. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కాకి గూట్లో గుడ్లు పెట్టిపోతుంది. రెండూ ఎక్కువగా తినేది పండ్లు. పశువుల వెంట తిరిగే పిల్లవాడికి ఇవన్నీ తెలుసు. కలం పట్టగానే ఎందుకు మరచిపోతాడు? మేమూ మొదట్లో ఇలాగే రాశాం గనుక ఎగతాళి చేయడం లేదు. పుస్తకంలో ఉన్నదే కవిత్వమనీ, పెరట్లో ఉన్నది కాదనీ మనకు ఎవరో నేర్పారు.

మోదుగ సంగతి చూడండి. ఫాల్గుణంలో ఆకులు రాల్చి చెట్టంతా పూస్తుంది. గోరింకలు, తేనెపిట్టలు మూగుతాయి. ఆ పూలు ఉడికించి హోలీకి రంగు తీస్తాం, ఆకులతో విస్తర్లు కుడతాం. పాత సంస్కృత పండితులకు మాత్రం అది వాసన లేని పువ్వు. చదువు లేని అందగాడిని దానితో పోల్చారు. బడి ముఖం చూడని మన తాతల మీదా ఆ పోలిక పడ్డట్టే కదా! తర్వాత దాశరథి రంగాచార్య నిజాం కాలపు తెలంగాణ మీద రాసిన నవలకు 'మోదుగుపూలు' అని పేరు పెట్టారు. మోదుగకు అది గౌరవమే. కానీ మనకు వచ్చే కవితల్లో ఇప్పుడు మోదుగ అంటే ఎరుపు, ఎరుపు అంటే పోరాటం, అంతే. చెట్టు మీద పిట్ట ఎగిరిపోయింది.

ఒక అమ్మాయి కవిత మాత్రం వేరు. తెల్లవారకముందే అవ్వతో ఇప్పచెట్టు కిందికి వెళ్లడం, ముందురోజు ఊడ్చి ఉంచిన నేల మీద పూలు రాలే చప్పుడు, ఇంటికి తెచ్చి ఎండబోస్తే కోళ్లూ గోరింకలూ దిగడం, ఎండిన పువ్వు ముడుచుకుని రంగు తిరగడం... వసంతం అన్న మాట ఒక్కసారి కూడా లేదు. పూలు ఏరుతూ ఒకామె పాట అందుకుంటే, పక్క చెట్టు కింద నుంచి ఇంకొకామె జవాబు పాడుతుంది. పాట కట్టేది ఒంటరిగా కూర్చున్న కవి కాదని ఆ అమ్మాయి చెప్పకుండానే చూపింది. అరకు వైపు చైత్రంలో ఇటుకల పండుగకు ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడి పాడే పాటా అంతే. అది ఎవరిదని అడిగితే ఊరిదే అనాలి.

లోపం లేదని కాదు. చివరి నాలుగు పాదాలు అడవిని కాపాడుకుందాం అనే నినాదం. అప్పటికే కవిత అయిపోయింది, అవి అక్కర్లేదు.

ఇంకో మాట, ఉపాధ్యాయ మిత్రులకు. ఆ కాగితం మీద ఎర్ర సిరా ఉంది. 'పిట్టలు' కొట్టేసి 'విహంగములు' అని రాసి ఉంది. ఇప్పచెట్టుకు అవ్వ తన భాషలో చెప్పిన పేరు కొట్టేసి 'మధూక వృక్షము' అని రాసి ఉంది. దిద్దినవారి మీద మాకు కోపం లేదు, వారికీ అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ పేరు పోతే అవ్వ కూడా కవితలోంచి పోతుంది.

అమ్మాయి మొదట రాసిన మాటలనే అచ్చు వేస్తున్నాం. చివరి నాలుగు పాదాలు ఉంచాలో తీసేయాలో ఆమెకే వదిలేశాం.