కోట, ముట్టడి, కూతురు

1967లో అమెరికాలో ఆటిజం మీద రెండు పుస్తకాలు వచ్చాయి. రెండింటికీ కోటే ఉపమానం. బ్రూనో బెటల్‌హైమ్ తన పుస్తకానికి ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’ అని పేరు పెట్టాడు, ఖాళీ కోట అని. క్లారా క్లైబోర్న్ పార్క్ ‘ది సీజ్’ అంది, ముట్టడి అని. ఆయన షికాగోలో పిల్లల చికిత్సా పాఠశాల నడిపిన నిపుణుడు. ఆమె నలుగురు పిల్లల తల్లి, ఇంగ్లీషు అధ్యాపకురాలు.

ఈ బిడ్డ లేకపోతే బాగుండునన్న తల్లిదండ్రుల కోరికే ఆటిజాన్ని రేపుతుందని బెటల్‌హైమ్ వాదన. తల్లిదండ్రులని అన్నా వేలు తల్లివైపే చూపింది. 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసిన లియో కానర్ కూడా ఆ కుటుంబాల్లో ఆప్యాయత తక్కువన్నాడు. ‘రిఫ్రిజిరేటర్ మదర్’ అన్న నింద ఆ ఆలోచనల్లోంచే వచ్చింది.

పార్క్ ఈ నిందకి సంజాయిషీ ఇవ్వదు. చూసింది రాస్తుంది. పుస్తకంలో మొదటి దృశ్యం, నేలమీద ఒక చోటు చుట్టూ తనలో తాను ఆనందిస్తూ తిరిగే చిన్న పిల్ల. ఆ పిల్ల ఏ పని చేసింది, ఎప్పుడు చేసింది, దేనికి స్పందించలేదు అన్నీ నమోదు చేస్తుంది. ఇంటి చాకిరీ మధ్య ఒక స్త్రీ సంపాదించిన ఈ జ్ఞానాన్ని స్త్రీవాద విమర్శ ఆత్మకథగా మాత్రమే చదివితే సరిపోదు. అది పరిశోధన కూడా.

మా బాబుకి మూడో ఏట ఆటిజం అని తేలాక ఈ పుస్తకం మళ్లీ తీశాను. అప్పటికే ఇంట్లో విచారణ మొదలైంది. కడుపుతో ఉండి థీసిస్ కోసం రాత్రుళ్లు మేలుకున్నానా? చేతికి ఫోనిచ్చి కూచోబెట్టానా? ఈ ప్రశ్నల్లో వాళ్ల నాన్న లేడు. పెంపకం వల్ల ఆటిజం రాదని వైద్యం ఎప్పుడో తేల్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఆటిజం చేరింది. అయినా బెటల్‌హైమ్ పేరు వినని ఇళ్లలో బెటల్‌హైమ్ వాదమే నడుస్తోంది. అందుకే పార్క్ గొంతు నాకు పెద్ద అండ అయింది.

అయితే తల్లి నిర్దోషి అని తేలడం, బిడ్డని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం ఒకటి కావు. కోట ఖాళీ కాదు, లోపల మనిషి ఉంది అంటుంది పార్క్. అది బెటల్‌హైమ్‌కి గట్టి జవాబు. కానీ ముట్టడి అన్నాక గోడ కూలాలి, లోపలి మనిషి బయటికి రావాలి. నేలమీద ఆనందంగా తిరుగుతున్న ఆ పిల్ల అడిగిందా ఈ యుద్ధం? ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని థెరపీకి తొందరపెట్టే మన మాటల్లోనూ ఇదే ముట్టడి ఉంది.

1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ రచయిత, ‘డోంట్ మోర్న్ ఫర్ అస్’ అన్న వ్యాసంలో ఈ ఉపమానాన్నే తోసిపుచ్చారు. ఆటిజం మనిషిని బంధించిన గుల్ల కాదు, దాన్ని తీసేస్తే లోపల వేరే మనిషి మిగలదు అన్నారు. తల్లిదండ్రుల దుఃఖం నిజమే, అది తాము ఊహించుకున్న బిడ్డ కోసం, ఎదురుగా ఉన్న బిడ్డ కోసం కాదు. ఈ మాట తల్లిగా నాకు కష్టంగానే తగిలింది. తల్లి గొంతు వినబడితే చాలనుకునే మన విమర్శకీ తగలాలి.

2001లో పార్క్ ‘ఎగ్జిటింగ్ నిర్వాణ’ రాసింది. మొదటి పుస్తకంలో ఎల్లీ అని మారుపేరుతో ఉన్న అమ్మాయి ఇక్కడ జెస్సీ అన్న సొంత పేరుతో ఉంది. బొమ్మలు వేస్తుంది, కాలేజీ తపాలా గదిలో ఉద్యోగం చేస్తుంది. ఉపశీర్షికలో ‘ఒక కూతురి జీవితం’ అని ఉంది. ‘ఎగ్జిటింగ్’ అన్న మాటలో ముట్టడి ఇంకా మిగిలే ఉంది. జెస్సీయే బయటికి రావాలి. అయినా ముప్పై నాలుగేళ్లలో పుస్తకం తల్లి పోరాటం నుంచి కూతురి జీవితానికి జరిగింది. ఒప్పుకోవడం అంటే నాకు ఈ జరగడమే.

మనమూ ఇక ఈ పిల్లల గురించి కథలు రాస్తాం, ఆత్మకథలు రాస్తాం. వాటిలో తల్లి కన్నీళ్లకి ఎన్ని పేజీలు, బిడ్డ ఇష్టాలకి ఎన్ని పేజీలు అని లెక్క చూసుకుందామా?